జుబ్బా మీద ఇప్పచెట్టు

పెళ్లయి భిలాయి వచ్చిన మూడో నెలలో ఒక సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, సైకిలు గోడకు ఆనించి, నేరుగా పక్క క్వార్టరులోకి వెళ్లి కుర్చీలో కూర్చుని, తల దించుకుని బూట్ల తాళ్లు విప్పుకుంటూ "కాస్త టీ ఇయ్యి" అన్నారు. ఆ ఇంటావిడ బెంగాలీ. తెలుగు ముక్క రాకపోయినా టీ అన్నది అర్థమై, కప్పులో పోసి తెచ్చి ఇచ్చింది. సగం తాగాక ఈయన తలెత్తి చూశారు. నేను మా గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తూనే ఉన్నాను. పిలవచ్చు. పిలవలేదు. అంత మంచి తమాషా మళ్లీ దొరుకుతుందా?

ఆయనది తప్పనడానికీ లేదు. అరవైల మొదట్లో మా సెక్టారులో ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉండేవి. అదే పసుపు గోడ, అదే ఆకుపచ్చ తలుపు, అవే రెండు మెట్లు. నంబర్లు రాశారుగానీ మొదటి వానకే సగం కొట్టుకుపోయాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పెట్టే బేడాతో దిగిన మాలాంటి కొత్తవాళ్లు రోజుకొకరు ఎవరింట్లోకో చొరబడి నాలిక్కరుచుకునేవారు. దానికి మందు వీధి మొదట్లో ఉన్న ఇప్పచెట్టు ఒక్కటే. అక్కణ్నుంచి లెక్కపెట్టుకుంటే ఎవరిల్లు వాళ్లకు దొరికేది. మాది నాలుగోది. ఆ రోజు ఈయన మూడో ఇంటి దగ్గరే ఆగిపోయారట.

ఆ చెట్టు ఎంత పాతదో చెప్పగలిగినవాళ్లు మా వీధిలో లేరు. ముగ్గురం చేతులు కలిపినా మొదలు చుట్టూ అందేది కాదు. చుట్టూ మైళ్ల కొద్దీ నేలంతా బుల్‌డోజర్లు చదును చేసేసినా ఇదొక్కటి ఎలా మిగిలిందన్నదానికి ఇంటికొక కథ ఉండేది. ఎవరో రష్యా ఇంజనీరు ఎండకు తాళలేక దీని కింద కూర్చుని దీన్ని మాత్రం ముట్టుకోవద్దన్నాడని మా తెలుగువాళ్లు చెప్పేవారు. బుల్‌డోజరే విరిగిందని ఎదురింటి సర్దార్జీ భార్య వాదన. తొర్రలో పాము ఉందని, అందుకే ఎవరూ దగ్గరకు పోలేదని చివరింటి మలయాళీ నర్సు. పాము నాకెప్పుడూ కనబడలేదు. గోరింకలు మాత్రం పగలంతా ఆ తొర్రలో తెగ పోట్లాడుకునేవి.

దుర్గ్ స్టేషనులో దిగి రిక్షా ఎక్కితే సెక్టారు పేరు చెప్పక్కర్లేదు. ఇప్పను అక్కడ మహువా అంటారు. మహువా చెట్టు అంటే చాలు, తెచ్చి దింపేవాడు. మా నాన్న ఉత్తరం మీద అడ్రసంతా ఇంగ్లీషులో రాసి, చివర తెలుగులో 'ఇప్పచెట్టుకి ఎదర' అని రాసేవారు. పోస్టుమాన్‌కి తెలుగు రాదు. అయినా ఆ గుండ్రటి అక్షరాలు కనబడితే అది మా ఇంటిదే అని తెచ్చి పడేసేవాడు. సాయంత్రాలు ఆడవాళ్లందరం ఆ చెట్టు కిందే చేరేవాళ్లం. నేను హిందీ నేర్చుకున్నది అక్కడే. అందుకే నా హిందీలో సగం బెంగాలీ యాస, సగం పంజాబీ తిట్లు.

ఇక దాయి సంగతి చెప్పాలి. దాయి అంటే ఛత్తీస్‌గఢీలో అమ్మ. అసలు పేరు ఏమిటని అడగాలని కూడా నాకు తోచలేదు. ఎండు కట్టెలా ఉండేది, మోకాళ్ల దాకా చీర, చేతినిండా పచ్చబొట్లు. మా క్వార్టర్లు లేచిన నేల మీద అంతకుముందు ఆమె ఊరు ఉండేది. ప్లాంటు కోసం ఊరు ఖాళీ అయ్యాక వాళ్లు రుఆబాంధా అనే ఊరి పక్కకు వెళ్లి ఇళ్లు వేసుకున్నారు. చైత్రం రాగానే తెల్లవారుతుండగా గంపతో వచ్చి, చెట్టు కింద ఊడ్చి, రాలిన పువ్వు ఏరుకునేది. పువ్వంటే రేకులు రెబ్బలు కాదు, ద్రాక్షపండంత బొద్దుగా, మీగడ రంగులో ఉంటుంది. ఆ వాసనకు మొదటి ఏడాది నాకు కడుపులో తిప్పింది. రెండో ఏడాదికి ఆ వాసన రాకపోతే ఏదో వెలితిగా ఉండేది.

ఏరుకునేముందు దాయి ప్రతి ఏడూ మా గుమ్మం దగ్గరకు వచ్చేది. "బీన్ లౌఁ కా, బాయి?" అని అడిగేది. ఏరుకోనా అమ్మా అని. చెట్టు మా వీధిదని, అందులోనూ నేను రోజూ దాని కిందే కూర్చునేదాన్నని, నాకు కొంచెం గొప్పగానే ఉండేది. "ఏరుకో, ఏరుకో" అని చెయ్యి ఊపేదాన్ని. ఆమె ఎండు పువ్వును నువ్వులతో దంచి ఉండలు చేసి తెచ్చి పెట్టేది. మా అత్తగారికి ఆ సంగతి ఉత్తరంలో రాస్తే, "సారా కాసే పువ్వుని ఇంట్లోకి రానిచ్చేవా!" అని తిరుగు టపాలో తిట్లు వచ్చాయి. ఆ ఉత్తరం చదువుతూనే ఇంకో ఉండ నోట్లో వేసుకున్నాను.

మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు పురిటికి పుట్టింటికి వెళ్లలేకపోయాను. బిడ్డకు ఒళ్లు రుద్ది నీళ్లు పోసే చెయ్యి లేక నేను ఏడుస్తుంటే దాయి వచ్చి కాళ్లు చాపుకుని కూర్చుంది. ఇప్పనూనె పట్టించి, బిడ్డను కాళ్ల మీద బోర్లా వేసి రుద్దుతూ ఏవో పాటలు పాడేది. నలభై రోజులు వచ్చింది. ఏమైనా ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకునేది. ఆ నెలలోనే వాళ్ల కోడలికీ మగపిల్లాడు పుట్టాడు. సరే, వాడికొక జుబ్బా కుట్టి ఇద్దామనుకున్నాను.

జుబ్బాకు గుడ్డ ఎక్కడిది అంటే, అక్కడే ఉంది మా ఇంటి రహస్యం. మా ఆయన టౌన్‌షిప్ డ్రాయింగు ఆఫీసులో ట్రేసరు. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన ప్లాన్ల మీద నీలం రంగు ట్రేసింగు గుడ్డ పరిచి, నల్ల ఇంకుతో మళ్లీ గీయడం ఆయన పని. ఆ గుడ్డకు దట్టంగా గంజి పట్టించి ఉంటుంది, కాగితంలా పెళపెళలాడుతుంది. ప్లాను మారిపోతే పాత షీటు రద్దు. రద్దయిన షీటును చుట్టచుట్టి ఎవరో ఒకరు ఇంటికి పట్టుకెళ్లేవారు. ఇంట్లో ఆడవాళ్లం సోడా వేసి తపేలాలో ఉడకబెట్టేవాళ్లం. గంజి, ఇంకు వదిలి, లోపల నుంచి వెన్నలాంటి నూలుగుడ్డ తేలేది. పసిపిల్లల ఒంటికి అంత మెత్తటి బట్ట బజారులో దొరికేది కాదు. ట్రేసర్ల ఇళ్లలో పిల్లలందరూ మురుగు కాలవల ప్లాన్లు, బడుల ప్లాన్లు తొడుక్కునే పెరిగారు.

ఒక పెద్ద షీటు ఉడికించి నేను మా అమ్మాయికి రెండు జుబ్బాలు, ఒక దిండు గలీబు, దాయి మనవడికి ఒక జుబ్బా కుట్టాను. వాడి జుబ్బా వీపు మీద మాత్రం ఒక మచ్చ ఎంత ఉడికించినా పోలేదు. అక్కడ ఇంకు రెండు పొరలు పడిందో ఏమో, పావలా బిళ్ళంత గుండ్రం, పక్కన ఏవో గీతలు. ఒకరికి ఇచ్చే బట్ట మచ్చతో ఇవ్వడమేమిటని దాని మీద పసుపు దారంతో పువ్వు, పక్క గీతల మీద ఆకుపచ్చ దారంతో కాడ, ఆకులు కుట్టేశాను. గొలుసుకుట్టు నాకు బాగా వచ్చు. దాయి ఆ పువ్వును వేలితో తడిమి తడిమి చూసుకుంది.

ఆ తర్వాత ఏడాదిన్నరకు, మాఘం వెళ్లిపోయిన రోజుల్లో, మా వీధిలోకి సున్నం గంపలతో మనుషులు వచ్చారు. కొత్త మార్కెట్టుకు అడ్డరోడ్డు వేస్తారట. అందరం సంతోషించాం. కూరగాయలకు రెండు మైళ్లు నడిచే బాధ తప్పుతుంది కదా. వాళ్లు నేల మీద సున్నంతో తిన్నగా గీత వేసుకుంటూ వచ్చారు. ఆ గీత నేరుగా వచ్చి ఇప్పచెట్టు మొదలుకు తగిలింది. గీత వేసేవాడు ఆగలేదు. చెట్టు చుట్టూ తిరిగి అవతలికి వెళ్లి, అక్కణ్నుంచి మళ్లీ మొదలెట్టాడు. అది చూసి మేం నవ్వుకున్నాం. రోడ్డు ఏ కొంచెమో పక్కకు జరుపుతారులే అనుకున్నాం. మాకంత తెలివి.

మరుసటి వారం, శనివారం పొద్దున్న గొడ్డళ్లు, రంపం, మోకులు పట్టుకుని నలుగురు కూలీలు, వాళ్ల మేస్త్రీ దిగారు. కొమ్మల చివర్లన్నీ మొగ్గల గుత్తులతో బరువుగా వేలాడుతున్నాయి. ఎవరు కబురు చేశారో, ఎప్పుడు వచ్చిందో, దాయి అప్పటికే మొదలుకు వీపు ఆనించి కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. అరవడం లేదు, ఏడవడం లేదు. మేస్త్రీ బతిమాలాడు, కసిరాడు, చివరికి ఆడమనిషిని చెయ్యి పట్టుకుని లాగలేక తల గోక్కుంటూ నిలబడ్డాడు. నేను పిల్లను చంకనేసుకుని పరుగెత్తి వెళ్లి, "ఏమిటి దాయీ, లేస్తావా, మీద పడితే చస్తావు" అన్నాను.

"ఏ మోర్ రూఖ్ ఆయ్" అంది దాయి. ఇది నా చెట్టు.

మీ ఊరి చెట్టా అని అడిగాను. కాదంది. ఊరిది కాదట, తనదట. వాళ్ల ఊళ్లో ఇప్పచెట్లు ఇంటికింత అని పంచుకునేవారట. పెళ్లయి వచ్చిన ఏడు అత్తగారు చెయ్యి పట్టుకుని తెచ్చి, ఈ చెట్టు నీ వాటా అని చూపించిందట. నలుగురు పిల్లలను ఈ పువ్వు పెట్టే సాకిందట. ఇల్లు పోయింది, బావి పూడ్చేశారు, ఇది మిగిలింది అంది. మామూలుగా, నిన్నటి కూర సంగతి చెప్పినట్టు చెప్పింది.

నాకు సిగ్గుతో చచ్చినంత పనయింది. నాలుగేళ్లుగా ఆమె చెట్టు పువ్వు ఆమె ఏరుకోవడానికి నేను చెయ్యి ఊపి అనుమతి ఇస్తున్నాను. ఏరుకో, ఏరుకో అని. ఆమె ఒక్కసారైనా ఇది నాదే కదా అనలేదు. ఆ సిగ్గు నిమిషంలో కోపంగా మారింది. నాకు ఏదైనా చివరికి కోపంగానే మారుతుంది, మా ఆయన్ని అడిగితే చెబుతారు. పిల్లను దాయి ఒళ్లో పడేసి, బెంగాలీ దీదీని వెంటబెట్టుకుని, టౌన్‌షిప్ ఆఫీసులో పెద్ద సాహెబు గదికి నడిచాను.

పెద్ద సాహెబు అంటే మా ఆయన ఆఫీసుకు పై అధికారి, ఆ రోడ్డు వేయిస్తున్న ఇంజనీరు. రాక్షసుడేమీ కాదు. కుర్చీలు వేయించి కూర్చోబెట్టి, చెప్పినదంతా విన్నాడు. గోడకున్న ప్లాను దగ్గరకు తీసుకెళ్లి చూపించాడు. మా వీధి ఉంది, మా ఇళ్లు చిన్న చిన్న డబ్బాల్లా ఉన్నాయి. చెట్టు లేదు.

"మొదటి సర్వేలో ఏ చెట్టు ఉంచాలో రాసిపెట్టారు. అలా రాసిన వాటిని నేను ముట్టుకోను. ఇక్కడ ఏమీ లేదు కదా. ప్లానులో లేని చెట్టు కోసం రోడ్డు వంచితే పైవాళ్లకు నేనేం చెప్పుకోను?" అన్నాడు హిందీలో. "కాగితం తెండి, వంచుతాను. సోమవారం దాకా ఆపిస్తాను. అంతకంటే నా చేతిలో లేదు."

నేను తిన్నగా డ్రాయింగు హాలులోకి వెళ్లి మా ఆయన బల్ల ముందు నిలబడ్డాను. నలుగురి ముందూ అడగడం ఎందుకని కళ్లతోనే ఇంటికి రమ్మన్నాను. సాయంత్రం వచ్చి మెట్టు మీదే కూర్చుండిపోయారు. బూట్లు కూడా విప్పలేదు.

"ఏటండీ, అలాగుండిపోయారు? చెట్టేనా మీ బెంగ?" అన్నాను.

"చెట్టుండేదే. పాత షీటులో ఉండేది" అన్నారు నేల చూస్తూ. "పక్కన 'ఉంచవలెను' అని ఇంగ్లీషులో రాసి కూడా ఉండేది. కొత్త షీటు మీదకి నేనే దింపేను. ఆ చెట్టు గుర్తు మీద ఇంకు బొట్టు పడిపోనాది. బ్లేడుతో గీకీసేను. గీకేక మళ్లీ గీద్దారనుకుని మర్చిపోనాను."

"మర్చిపోవడం ఏటి! చీమా అది మర్చిపోడానికి? రోజూ దాని కింద నుంచే కదా ఇంటికొస్తారు!"

"తప్పే. మరేటి చెయ్యమంటావు?"

"ఆ పాత షీటు చూపించీండి సాహెబుకి. అయిపోద్ది కదా."

ఆయన తలెత్తి నన్నొక చూపు చూశారు. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది. "పాత షీటు రద్దయిపోనాదే. ఇంటికి తెచ్చేను. నువ్వే ఉడికించీసేవు" అన్నారు.

ఒకరం గీకేస్తే, ఇంకొకరం ఉడకేశాం. మొగుడూ పెళ్లాలం కలిసి ఒక మనిషి చెట్టుకు చేయగలిగినదంతా చేశాం. తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుందిగానీ ఆ పూట అన్నం దిగలేదు.

దీపం పెట్టగానే ఆ షీటుతో కుట్టినవన్నీ తీసి పరిచాం. దిండు గలీబును దీపానికి అడ్డంగా పట్టి చూస్తే బూడిదరంగులో సన్నటి గీతలు కనబడ్డాయి. ఈయన కళ్లజోడు సవరించుకుని చదివారు. అది హాస్పిటలు వైపు మురుగు కాలవ. మా అమ్మాయి మొదటి జుబ్బా మీద పార్కు మూల. రెండోదాని చంకలో మా వీధి చివరిళ్లు. చెట్టు ఉండాల్సిన ముక్క మాత్రం లేదు. ఈయన వేళ్లతో లెక్కవేసి, "ఇంకో ముక్క ఉండాల. చేతిగుడ్డలేవైనా చేసీసేవా?" అని అడిగారు. అప్పుడు గుర్తొచ్చింది. ఉడికించినా పోని మచ్చ. పావలా బిళ్ళంత గుండ్రం. నేను చెట్టు మీద పువ్వు కుట్టి దాయికే ఇచ్చాను.

ఆదివారం పొద్దున్నే సైకిలు వెనక నన్ను కూర్చోబెట్టుకుని రుఆబాంధా వెళ్లారు. నేను ఎక్కితే సైకిలు నడవదని ఎప్పుడూ సణిగే మనిషి ఆ రోజు నోరెత్తలేదు. దాయి ఇల్లు వెతకడం కష్టం కాలేదు. వాకిట్లో దాయి మనవడు మట్టిలో కూర్చుని మట్టే తింటున్నాడు. ఒంటి మీద అదే జుబ్బా. ఇప్పుడది నాభి పైకి ఎక్కింది, రంగు చెప్పలేం. వాణ్ని ఎత్తుకుని వీపు తిప్పి చూశాను. రోజూ బండ మీద బాదడంతో చుట్టూ గుడ్డ జల్లెడయింది. పువ్వు మాత్రం చెక్కు చెదరలేదు. నా గొలుసుకుట్టు గురించి నేను చెప్పుకోకూడదుగానీ, చెప్పుకుంటాను.

దాయికి సంగతి చెప్పాను. చెట్టు ప్లానులో లేకపోవడం మా ఆయన తప్పని, షీటు పోవడం నా తప్పని, ఏదీ దాచకుండా చెప్పాను. ఆమె ఈయన్ని కిందనుంచి పైకి చూసి, తర్వాత నన్ను చూసి, పళ్లు లేని నోటితో పకపకా నవ్వింది. జుబ్బా విప్పి నా చేతిలో పెట్టింది. పిల్లాడు ఒంటి మీద ఏమీ లేనందుకు మరీ సంతోషించాడు.

సోమవారం పెద్ద సాహెబు బల్ల మీద ఆ జుబ్బా పరిచాను. ఉతికి తెచ్చాంలెండి, పువ్వు తడవకుండా పైపైన. ఆయన ముక్కు మీద కళ్లజోడు దింపుకుని, జుబ్బాను, నన్ను, నా వెనక దాక్కున్న మా ఆయన్ని వరసగా చూశాడు. "ఇదేమిటి?" అన్నాడు. "కాగితం తెమ్మన్నారు కదా, ఇదే కాగితం" అన్నాను. కొప్పులో గుచ్చుకున్న సూది తీసి, నిలబడే, ఒక్కొక్క కుట్టే విప్పడం మొదలెట్టాను. అంత అందంగా కుట్టినదాన్ని విప్పుతుంటే ప్రాణం ఉసూరుమంది. ముందు ఆకులు, తర్వాత కాడ, తర్వాత రేకులు. దారం లేచినచోటల్లా కింద గుడ్డ వేరే రంగులో ఉంది. ఏడాదిన్నర ఎండ, బండ తగలని చోటది. పువ్వు కింద నుంచి నల్లటి గుండ్రం బయటపడింది, చుట్టూ ముంగురుల్లా చిన్న వంకరలు. ఆకుల కింద నుంచి ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి.

సాహెబు భూతద్దం తీసి జుబ్బా మీదకు వంగాడు. చివరికి ఒక అక్షరం మీద వేలు పెట్టి, "ఈ తోక చూశారా! ఇలా తోక పెట్టి రాసేది ఆయనొక్కడే" అన్నాడు. తను కుర్రతనంలో ఎవరి కింద పని నేర్చుకున్నాడో, ఆ మొదటి సర్వే చేయించిన పెద్దాయన, ట్రేసరుకు వదలకుండా తనే షీటు మీద రాసిన రాతట అది. ఆ తోక మీద ఇంకోసారి వేలు తిప్పాడు. వెంటనే సర్దుకుని, "మరి ఇది మా షీటులోకి ఎందుకు రాలేదు?" అని అడిగాడు.

నేను నోరు తెరిచాను. ఏదో ఒక అబద్ధం నాలిక చివరే ఉంది. కానీ నా వెనక నుంచి మా ఆయన ముందుకొచ్చారు. ఎప్పుడూ సాహెబు గదిలోకి వెళ్లాలంటే రెండుసార్లు మంచినీళ్లు తాగే మనిషి. "నేనే సార్. ఇంకు పడితే బ్లేడుతో గీకేశాను. తర్వాత గీయడం మరిచిపోయాను. ఎవరి తప్పూ లేదు" అన్నారు హిందీలో, ఒక్క తప్పు లేకుండా. పెళ్లయిన అయిదేళ్లలో ఆయన నాకు అంత అందంగా ఎప్పుడూ కనబడలేదు. ఆ మాట ఆయనతో ఇప్పటికీ చెప్పలేదు, నెత్తికెక్కుతారు.

సాహెబు కాసేపు బల్ల మీద వేళ్లతో కొట్టాడు. "గీకిన చేత్తోనే మళ్లీ గియ్యి. ఇప్పుడే" అన్నాడు. జుబ్బాకు చిల్లు పొడిచి, దారం కట్టి, ఫైలులో పెట్టించాడు. పిల్లాడి బట్ట అని నేను అనబోతే, ఇది ఇక ప్రభుత్వ కాగితం అన్నాడు. మేం గుమ్మం దాటుతుంటే వెనక్కి పిలిచి, గొంతు తగ్గించి, "సోడా ఎంత వెయ్యాలి? మా ఇంటావిడ ఎంత ఉడికించినా గంజి వదలట్లేదంటుంది" అని అడిగాడు. తపేలాకు రెండు గుప్పెళ్లు, ముందు రాత్రంతా నానబెట్టమని చెప్పాను.

మంగళవారం పొద్దున్న సాహెబు తనే మా వీధికి వచ్చాడు. వెంట కొలిచే గొలుసు పట్టుకుని ఇద్దరు మనుషులు, చెక్క మేకుల గంపతో ఒకడు, ప్లాను బల్ల మోసుకుంటూ మా ఆయన. రోడ్డు చెట్టుకు ఎంత దూరంలో వంగాలో తేల్చాలి. వీధంతా బయటికి వచ్చింది, దాయి అప్పటికే చెట్టు కింద ఉంది. సర్దార్జీ భార్య పొయ్యి మీద రొట్టె వదిలేసి వచ్చింది. మొదలు దగ్గర నుంచి పది అడుగులు కొలిపించి, అక్కడ మేకు పెట్టమన్నాడు సాహెబు. దాయి తల అడ్డంగా ఊపింది.

"ఏటంటాది?" అని ఈయన నన్నడిగారు.

"చాలదంటంది" అన్నాను.

సాహెబుకు కోపం వస్తుందేమోనని భయపడ్డాను. రాలేదు. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి, కొమ్మల్లోకి చూసి, "చెట్టు ఎందాకా ఉందో ఆమెనే చూపించమనండి" అన్నాడు.

దాయి చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, చెట్టుకు వీపు పెట్టి నడవడం మొదలెట్టింది. వెనకే గొలుసు మనుషులు. పది అడుగుల మేకు దాటింది. సున్నం గీత దాటింది. కంకర కుప్ప అడ్డొస్తే చుట్టూ తిరిగి మళ్లీ తన వరసలోకి వచ్చింది. మధ్యలో ఆగి కొమ్మ చివర చూసి, ముఖం తిప్పి గాలి ఎటుందో చూసుకుని, ఇంకా నడిచింది. పువ్వు రాలడం ఇంకా మొదలే కాలేదు, నేలంతా బోసిగా ఉంది. ఆమె మాత్రం ఏదో తొక్కేస్తానేమో అన్నట్టు చూసి చూసి అడుగు వేస్తోంది. చివరికి కాలవ గట్టుకు జానెడు ఇవతల ఆగింది.

"ఇహాఁ ఘలో గిరథే" అంది. ఇక్కడ కూడా రాలుతుంది.

మా ఆయన పెన్సిలు పట్టుకుని సాహెబు మొహం చూస్తున్నారు. అంత దూరం వంచితే రోడ్డు రోడ్డులా ఉండదు, కొడవలిలా ఉంటుంది. ఇదే నేల మీదకు ఒకప్పుడు ఇలాగే గొలుసులు, మేకులు పట్టుకుని మనుషులు వచ్చి ఊరంతా కొలుచుకుని వెళ్లి ఉంటారు. అప్పుడు ఆమెను ఎవరూ ఏమీ అడిగి ఉండరు. అది తోచేసరికి నాకు ఏడుపొచ్చింది. పిల్ల చూడకుండా కొంగుతో తుడుచుకున్నాను.

సాహెబు గంపవాణ్ని పిలిచాడు. "ఆమె కాలి పక్కన" అన్నాడు.

వాడు వంగి మేకు నిలబెట్టి, సుత్తి ఎత్తాడు. దాయి నేల చూస్తూ నిలబడింది. మేకు పూర్తిగా దిగేదాకా ఆమె అక్కణ్నుంచి కాలు తీయలేదు.